భూగోళం క్లాసులో పసినిద్ర

సాయంత్రం నాలుగు దాటాక ఆ గదిలోకి ఎండ మెల్లగా నడిచి వచ్చేది. ముందు కిటికీ గట్టు మీద కాసేపు కూర్చునేది. తరువాత బెంచీల మీదికి దిగేది. చివరికి నల్లబల్ల అంచు పట్టుకుని సుద్దపొడిలో ఆడుకునేది.

పగలంతా అది పిల్లల బడి. పిల్లలు వెళ్ళిపోయాక, వాళ్ళ చిన్న బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు మడుచుకుని కూర్చునేవారు. ఎప్పుడో సగంలో ఆగిపోయిన చదువును వెతుక్కుంటూ, పదో తరగతి పరీక్ష కోసం వచ్చేవారు. తెల్లవారుజామున బస్సు తోలి, ఇంకా స్టీరింగు తిప్పుతున్నట్టే చేతులు పెట్టుకుని కూర్చునే డ్రైవరన్న. కత్తెర మోత చెవుల్లోంచి పోని సెలూన్ బాబాయి. ఆస్పత్రి వార్డుల్లో మంచాల చుట్టూ తిరిగి తిరిగి వచ్చే ఆయమ్మ. ఇంకా కొందరు.

గుమ్మం పక్కన స్టూలు మీద ఒక చెక్కపెట్టె ఉండేది. లోపలికి వచ్చేవాళ్ళంతా ఫోను అందులో వేసి రావాలి. ఆ నియమం పెట్టింది భూగోళం చెప్పే టీచరమ్మ. అంతకుముందు ఏడాది ఆమె గాలుల గురించి చెబుతుంటే ప్రతి బెంచీలోనుంచీ ఒక్కో పాట లేచేది. ఒకరు బయటికి పరుగెత్తేవారు, ఒకరు బల్ల కిందికి వంగేవారు. మధ్యలో ఆగిన గాలి మధ్యలోనే ఆగిపోయేది.

"ఇంట్లో మిమ్మల్ని పిలిచేవాళ్ళున్నారు, పనిలో పిలిచేవాళ్ళున్నారు," అన్నది ఆమె, పెట్టె తెచ్చిన రోజున. "ఇక్కడున్నంతసేపూ మాత్రం ఎవరూ పిలవకూడదు. ఈ కాస్త సమయం మీ సొంతం."

ఆ మాట వాళ్ళకు నచ్చింది. డ్రైవరన్న రోజూ తన ఫోనుకు వీడ్కోలు చెప్పేవాడు.

"లోపలికి పో నాయనా. క్లాసయ్యేదాకా బెయిలు దొరకదు."

"నీ ఫోను నా ఫోను పక్కన పెట్టకు అబ్బాయ్," అనేవాడు సెలూన్ బాబాయి. "డీజిలు వాసన. నాదసలే సున్నితం."

"మీదానికి పౌడరు వాసన బాబాయ్. నాది తుమ్ముతోంది."

ఆయమ్మ ఫోను వేసి, రెండు చెవులూ ఒకసారి అరచేతులతో రుద్దుకుని, నిట్టూర్చి కూర్చునేది.

వానలు వెనకబట్టాక ఒక కొత్త అమ్మాయి చేరింది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆమె వస్తే వేడి గుడ్డల వాసన ముందు వచ్చేది, ఆమె తరువాత వచ్చేది. నర్సింగు శిక్షణలో చేరాలని ఆశ. పదో తరగతి పాసై ఉండాలి, వయసు హద్దు ఈ ఏడాదితో సరి. ఈసారి తప్పితే ఆ తలుపు ఇక తెరుచుకోదు. ఆ మాట మొదటి రోజే చెప్పింది, ఎవరూ అడగకుండానే, తల దించుకుని.

పెట్టె దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. ఫోను గుండెకు ఆనించుకుంది.

"ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా టీచర్? శబ్దం రాదు. ఒట్టు."

"ఎందుకు?"

"పాపని చూసుకోవాలి."

ఆమె తెర చూపించింది. అందులో ఒక ఊయల. ఊయలలో ఏడు నెలల పసిది. ఇంట్లో అలమరలో పాత ఫోనొకటి నిలబెట్టిందట. దాని కన్ను చూసినదంతా ఇందులోకి వస్తుంది. ఇంట్లో ఉండేది అత్తగారు. వెనక వరండాలో కూర్చుని దర్జీ దుకాణం చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. పాప కదిలితే ఈ అమ్మాయి ఇక్కడినుంచి రింగు ఇస్తుంది. అత్తగారి ఒళ్ళో ఉన్న చిన్న ఫోను వణుకుతుంది. ఆమె సూది గుచ్చిపెట్టి లేచి వెళ్తుంది.

"నువ్వు దాన్ని చూస్తూ కూర్చుంటే నల్లబల్లను ఎవరు చూస్తారు?" అన్నది టీచరమ్మ, మెత్తగానే. "ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి అమ్మాయ్. పెట్టెలో వెయ్యి."

అమ్మాయి వేసింది. ఆ తరువాత వారమంతా ఆమె మనిషి బెంచీలో, చూపు పెట్టెలో. ఖండాల పేర్లు అడిగితే గుమ్మం వైపు చూసేది. మహాసముద్రాల పేర్లు అడిగినా అటే చూసేది.

మరుసటి వారం ఆమె పుస్తకాలన్నీ కట్టగట్టి తెచ్చి టీచరమ్మ బల్ల మీద పెట్టింది.

"నిన్న ఇంటికెళ్ళేసరికి పాప గొంతు ఎండిపోయి ఉంది టీచర్. ఏడ్చి ఏడ్చి, ఇంక శబ్దం రావట్లేదు. నోరు మాత్రం తెరుస్తోంది. అత్తయ్య పాపం గుండీలు కుడుతోంది. నవ్వుతూ తలెత్తి, 'ఎంత బుద్ధిగా పడుకుందో నీ కూతురు' అంది." ఆమె కొంగుతో పుస్తకాల మీద లేని దుమ్ము తుడిచింది. "వస్తాను టీచర్. చదువు నాకు రాసిపెట్టి లేదు."

టీచరమ్మ చెయ్యి చాపింది.

"నీ ఫోను ఇలా ఇవ్వు."

"ఎందుకు టీచర్?"

"నేను చూస్తాను. నువ్వు బల్లను చూడు."

అలా ఆ పసిది భూగోళం క్లాసులోకి వచ్చింది. టీచరు బల్ల మీద, సుద్దపెట్టెకు ఆనుకుని, నిలబెట్టిన తెరలో నిద్రపోయింది. పాప పిడికిలి విప్పితే టీచరమ్మ మాట కొంచెం తగ్గేది. పాప పక్కకు ఒత్తిగిలితే నది మలుపు దగ్గరే ఆగేది. కదలిక ఎక్కువైతే ఆమె వేలితో రింగు నొక్కేది. తెరలోకి ముడతల చేతులు రెండు వచ్చి ఊయల అంచు పట్టుకునేవి. అప్పుడు నది మళ్ళీ కదిలేది.

ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గానీ, తరగతిలో అందరి గొంతులూ తగ్గిపోయాయి. బస్సులో కేక వేస్తే చివరి సీటుదాకా వినిపించే డ్రైవరన్న, రుతుపవనాల గురించి అడగాలంటే ముందుకు వంగి గుసగుసగా అడిగేవాడు. సుద్దముక్కలు కీచుమనడం మానేశాయి. బెంచీలను ఈడ్చేవారు కాదు, ఎత్తి జరిపేవారు.

"ఒక్క సంగతి అడగనా?" అన్నాడు ఒకరోజు సెలూన్ బాబాయి, ఊపిరితో. "మన మాట అక్కడికి పోదు కదా? ఆ మైకేదో కట్టేసి ఉంది కదా?"

"ఉంది," అన్నాడు డ్రైవరన్న, అంతే మెల్లగా.

"మరి మనమెందుకిలా దొంగల్లా మాట్లాడుకుంటున్నాం?"

"మీరు గట్టిగా మాట్లాడండి బాబాయ్, ఎవరొద్దన్నారు?"

బాబాయి నోరు తెరిచాడు. తెరవైపు చూశాడు. పసిదాని పెదవి నిద్రలో ఏదో తాగుతున్నట్టు కదిలింది. బాబాయి నోరు మూసుకున్నాడు.

"నాలుక ఒప్పుకోవట్లేదు," అన్నాడు గుసగుసగా.

ఆ రోజుల్లో పాఠాలు నీళ్ళలా నడిచాయి. సముద్రంలోని వేడి ప్రవాహాలు చల్లటి తీరాలను వెతుక్కుంటూ ఎలా వెళ్తాయో, మేఘం తన బరువు తాను మోయలేక కొండకు ఎలా ఆనుకుంటుందో టీచరమ్మ జోలపాట గొంతుతో చెప్పేది. ఇస్త్రీ అమ్మాయి కళ్ళు మొదటిసారి నల్లబల్ల మీద నిలిచాయి. అడిగినవాటికి జవాబులు చెప్పేది, అడగనివి అడిగేది. అయితే డ్రైవరన్న అప్పుడప్పుడు నిద్రలోకి జారుకునేవాడు. టీచరమ్మకూ ఒకటి రెండుసార్లు తానేం చెబుతోందో గుర్తుండేది కాదు. పాప కనురెప్పల కింద ఏదో కల అటూ ఇటూ నడుస్తుంటే, ఆమె దాని వెంట వెళ్ళిపోయేది. ఫోను తరగతిలో ఉంటే ఏమవుతుందని తాను భయపడిందో, అది తనకే అయిందని ఆమెకు తెలుసు. తెలిసీ తెర తిప్పెయ్యలేకపోయింది.

ప్రిన్సిపాలు గారికి ఆ నిశ్శబ్దమే అనుమానం తెప్పించింది. వరండాలో వెళ్తూ, గదిలో ఎవరూ లేరనుకుని తలుపు తోశారు. గదినిండా మనుషులున్నారు. టీచరు బల్ల మీద ఫోను ఉంది.

"నియమం మీరే పెట్టించారు కదమ్మా?" అన్నారు ఆయన.

"అవునండి."

"మరి ఇది?"

టీచరమ్మ చెప్పింది. ఆయన విన్నారు. కఠినమైన మనిషి కాదు. ఒకసారి తెరలోకి కూడా చూశారు. తరువాత తరగతి వైపు తిరిగారు.

"దీనిమీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఆయమ్మ లేచి నిలబడింది.

"నాకుంది సార్."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఇస్త్రీ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"మా అమ్మ కూడా ఇంట్లో మంచం మీదే ఉంది," అన్నది ఆయమ్మ. గొంతులో కోపం లేదు. "నా ఫోను మాత్రం పెట్టెలో వేస్తున్నాను. పోయిన నెల ఇంటికి పోతే అమ్మ నేలమీద పడి ఉంది. మంచినీళ్ళ కోసం లేచిందట. నాకు ఫోను చేసిందట, చాలాసార్లు. అది పెట్టెలో చప్పుడు లేకుండా వణుకుతోంది, నేనిక్కడ పర్వతాల పేర్లు వల్లె వేస్తున్నాను."

"మాకెందుకు చెప్పలేదు ఆయమ్మా?" అన్నది టీచరమ్మ.

"నియమం అన్నారు కదా. అడగొచ్చని నాకు తెలీలేదమ్మా." ఆమె ఇస్త్రీ అమ్మాయి వైపు చూసింది. "నీ బిడ్డ చల్లగా ఉండాలి తల్లీ. నీమీద నాకేం లేదు. కానీ పసిబిడ్డని చూస్తే అందరికీ ముద్దొస్తుంది. మా అమ్మని చూస్తే ఎవరికి ముద్దొస్తుంది చెప్పు?"

గదిలో ఎండ కూడా కదలకుండా నిలబడింది.

"అందరికీ ఇవ్వండి, లేదా ఎవరికీ వద్దు," అన్నారు ప్రిన్సిపాలు గారు చివరికి. "అందరికీ ఇస్తే ఏమవుతుందో పోయిన ఏడాది చూశాం. ఆలోచించుకోండి. వచ్చే వారం ముందస్తు పరీక్ష ఉంది. మార్కులు తగ్గాయా, ఫోనులన్నీ మళ్ళీ పెట్టెలోకే, ఎవరి కోసమూ ఆగేది లేదు."

ఆయన వెళ్ళాక ఇస్త్రీ అమ్మాయి పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"కూర్చో," అన్నది ఆయమ్మ. "అభ్యంతరం చెప్పాను గానీ, వెళ్ళమని చెప్పానా?"

"మరి ఎలా పిన్నీ?"

ఆయమ్మ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. తరువాత టీచరు బల్ల దగ్గరికి వెళ్ళి ఆ ఫోను తీసుకుని తన బెంచీ మీద పెట్టుకుంది.

"వార్డులో ఒక పద్ధతుంది. సొంతవాళ్ళని చూసుకోవడానికి మమ్మల్ని వెయ్యరు. మా అత్త చేరితే నన్ను పక్క వార్డులో వేశారు. సొంతమనిషైతే చెయ్యి వణుకుతుంది, పరాయివాళ్ళైతే పని చేస్తుంది. నీ బిడ్డని నేను చూస్తాను. మా అమ్మ పిలిస్తే ఎవరైనా చూడండి. ఎవరి ఫోను వాళ్ళ దగ్గర ఉండకూడదు. అంతే."

"ఆయమ్మ ఫోను నాకివ్వండి," అన్నాడు డ్రైవరన్న వెంటనే. "ఆ ముసలమ్మ పిలిస్తే నేను పలుకుతాను."

"పలకడం కాదు, నాకు చెప్పు చాలు. నీ గొంతు వింటే భయపడుతుంది."

అలా ఫోనులు చేతులు మారాయి. డ్రైవరన్నది సెలూన్ బాబాయికి. సెలూన్ బాబాయిది ఇస్త్రీ అమ్మాయికి. మిగిలినవాళ్ళవి పక్కవాళ్ళకు. విచిత్రంగా, తరగతి తేలికపడింది. తన ఫోను వెలిగితే ప్రాణం అటు లాగుతుంది. పక్కవాళ్ళది వెలిగితే ఒకసారి చూసి, అవసరమైతే మోచేత్తో పొడిచి, మళ్ళీ పాఠంలోకి రావచ్చు.

"బాబాయ్, మీకెవరో రాశారు. సాయంత్రం ఖాళీయా అంటున్నారు."

"ఎవరది?"

"బట్టతలాయన అని ఉంది పేరు."

"వాడా! వాడికి తొందరేముంది, వచ్చే నెల రమ్మను."

టీచరమ్మ బల్ల ఖాళీ అయింది. మొదటి రోజు ఆమె చూపు పదిసార్లు అలవాటుగా సుద్దపెట్టె దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చింది. తరువాత మానుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. అందరూ దూరం దూరంగా కూర్చున్నారు. ప్రశ్నపత్రాలు పంచాక గదిలో కలాల చప్పుడు సన్నటి వానలా మొదలైంది. ఇస్త్రీ అమ్మాయి తల ఎత్తకుండా రాస్తోంది. ఆయమ్మ ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను తెర మీద పెట్టి, మొదటి జవాబు కోసం పైకప్పును వెతుకుతోంది.

అప్పుడు పాప లేచింది.

ఆయమ్మ రింగు ఇచ్చింది. ముడతల చేతులు రాలేదు. పాప ముఖం ముడుచుకుంది, నోరు తెరిచింది. ఆయమ్మ మళ్ళీ రింగు ఇచ్చింది. మళ్ళీ. వరండాలో ఆ ముసలావిడ కునుకు తీసిందో, ఫోను ఒళ్ళోంచి జారిందో. తెరలో ఆ చిన్న నోరు శబ్దం లేకుండా ఏడుస్తోంది. ఊయల గుడ్డ కాళ్ళ తన్నులకు ఎగిరిపడుతోంది.

ఆయమ్మ ఇస్త్రీ అమ్మాయి వైపు చూసింది. చెబితే ఆమె లేచి పరుగెత్తుతుంది. ఇల్లు రెండు బస్సుల దూరం. పరీక్ష ఇక్కడే ఆగిపోతుంది, మార్కులు తగ్గితే ఈ ఫోను మళ్ళీ పెట్టెలోకి పోతుంది. చెప్పకపోతే?

ఆమె వంగి, తెర మీద కట్టేసి ఉన్న మైకునూ స్పీకరునూ తెరిచింది.

ఏడుపు గదిలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళు చూసిన బిడ్డ గొంతు వాళ్ళకు మొదటిసారి వినిపించింది. అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద గొంతు! ఇస్త్రీ అమ్మాయి కలం చేతిలో ఉండగానే లేచి నిలబడింది.

"ఓ బంగారూ!" అన్నది ఆయమ్మ గట్టిగా, వార్డు ఈ చివరినుంచి ఆ చివరికి వినిపించే గొంతుతో. "ఎవరే కొట్టింది నిన్ను? ఎవరే తిట్టింది? ఇటు చూడు, ఇటు! ఈ అమ్మమ్మ నీకు తెలీదులే, నాకు నువ్వు తెలుసు!"

ఏడుపు తెగింది. పాప తల తిప్పింది. అలమరలోని ఆ ఫోను వైపు, అంటే వాళ్ళందరి వైపు, నీళ్ళు నిండిన కళ్ళతో ఆశ్చర్యంగా చూసింది. ఆయమ్మ ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే పెదవి మళ్ళీ వంకరపోయింది.

"అత్తయ్య రాలేదు," అన్నది ఇస్త్రీ అమ్మాయి. ఆమె కాళ్ళు గుమ్మం వైపు, చెయ్యి కాగితం వైపు ఉన్నాయి. "రాలేదు కదూ?"

"ఇంకా లేదు. వెళ్తావా తల్లీ, రాస్తావా? నీ ఇష్టం. నేనైతే ఆపను."

అమ్మాయి తెర వంక చూసింది. కూతురు ఆయమ్మ మాట కోసం ఎదురుచూస్తోంది.

"మాట్లాడుతూనే ఉండండి పిన్నీ," అన్నది ఆమె. "ఆపకండి." కూర్చుంది. కలం మళ్ళీ నడిచింది.

ఆయమ్మ ఆపలేదు. కబుర్లు అయిపోతే ప్రశ్నపత్రం అందుకుంది.

"ఇదిగో బంగారూ, మొదటి ప్రశ్న. ఎడారులు ఎక్కువగా ఖండాల పడమటి అంచునే ఎందుకున్నాయి? నీకు తెలుసా? నాకూ తెలీదు!"

"జవాబులు చెప్పకూడదు సుమా," అన్నది టీచరమ్మ.

"వస్తే కదమ్మా చెప్పడానికి!"

పాప నవ్వింది. గదంతా తలలు వంచుకుని నవ్వింది, కలాలు ఆపకుండా. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న కూడా ఆయమ్మ పాపకు చదివి వినిపించింది. మధ్యమధ్యలో రింగు ఇస్తూనే ఉంది. చివరికి తెరలోకి ముడతల చేతులు కంగారుగా వచ్చి బిడ్డను ఎత్తుకున్నాయి. ఆయమ్మ పెద్ద గొంతు లీలగా చెవిన పడి, ముసలావిడ గోడల వైపు, గాలి వైపు చూస్తూ, ఎవరికో తెలియక అందరికీ కలిపి ఒక దణ్ణం పెట్టింది.

అప్పటికి గంట కొట్టారు. ప్రిన్సిపాలు గారు కాగితాలు తీసుకోవడానికి వచ్చారు. వరండాలోనుంచి అంతా విన్నారని ఆయన ముఖమే చెప్పింది. ఒక్కో కాగితం అందుకుంటూ ఆయమ్మ బెంచీ దగ్గర ఆగారు. కాగితం మీద పేరు ఉంది. మరేమీ లేదు.

"పరీక్షలో నోరు మూసుకుని కూర్చోవాలని తెలుసా ఆయమ్మా?"

"తెలుసు సార్. మూసుకుంటే అది ఏడుస్తోంది."

ఆయన ఆ తెల్లకాగితాన్ని కాసేపు చూశారు. తరువాత దాన్ని మళ్ళీ బెంచీ మీద పెట్టి, పక్కనున్న చిన్న బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు.

"మీరు రాసేదాకా ఉంటాను. అసలు పరీక్షదాకా ఇలాగే నడవనివ్వండి టీచర్. ఆ తరువాతి సంగతి తరువాత చూద్దాం. కానీ మార్కులు తక్కువొస్తే ఊరుకోను."

ఆయమ్మ కలం తీసింది. డ్రైవరన్నకు సాయంత్రం ట్రిప్పు ఉంది. అతను లేస్తూ చేతిలోని ఆయమ్మ ఫోను ఎవరికివ్వాలా అని చూశాడు.

ఇస్త్రీ అమ్మాయి చెయ్యి చాపింది.

"నాకివ్వండి అన్నయ్యా."

"ఇంటికెళ్ళవా? పాప లేచింది కదా?"

"అత్తయ్య ఎత్తుకుందిగా. కాసేపు ఉంటాను."

ఆమె ఆ ఫోను రెండు చేతులతో అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. దాని తెర నల్లగా ఉంది. ఎవరూ పిలవడం లేదు. ఎక్కడో ఒక గదిలో ఆమె ఎన్నడూ చూడని ముసలావిడ మంచం మీద పడుకుని ఉంటుంది, బహుశా నిద్రపోతూ, బహుశా కిటికీ చూస్తూ. ఆమె దగ్గర మంచినీళ్ళు ఉండి ఉంటాయి. పక్కన ఆయమ్మ కలం ఒక్కో అక్షరమే పడుతూ లేస్తూ నడుస్తోంది. అమ్మాయి ఆ నల్లటి అద్దంలోకి కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.